జోగులయ్య గవర్నరు ఇచ్చిన చేను

చెంచయ్య కోపమంతా గవర్నరు జోగ్లేకర్ మీద. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ తిట్టుకున్నాడు. పోయాడని పేపర్లో చూశాక కూడా ఆపలేదు. "ఇచ్చేవాడు ఇచ్చి ఊరుకోవాలి. అమ్మకూడదంట, కుదవ పెట్టకూడదంట, ఆడవాళ్ల పేరునే ఉండాలంట. ఇన్ని ముళ్లేసి ఇచ్చేదాన్ని ఇవ్వడమంటారా?" అని టీకొట్టు దగ్గర అడిగినవాళ్లకీ చెప్పాడు, అడగనివాళ్లకీ చెప్పాడు.

రాష్ట్రపతి పాలనలో మంత్రులు లేని ఆ కొద్ది నెలలూ రాష్ట్రాన్ని తనే నడిపిన మనిషి జోగ్లేకర్. పూనా వైపు ఆయన. వచ్చినంత తొందరగా వెళ్లిపోయాడు. వెళ్లేలోపు ఈ చుట్టుపక్కల మిగులు భూములు కూలి ఆడవాళ్లకి పంచాడు. జోగ్లేకర్ అనే మాట వాళ్ల నోట తిరగక జోగులయ్య అయింది, ఆయన పంచినవి జోగులయ్య చేలు అయ్యాయి. చెంచయ్యకి అప్పుడు పన్నెండేళ్లు. ఏడో తరగతి. చేను రావడంతోనే చెంచయ్య బడి పోయింది. మిరపనారుకి నీళ్లు మోయడానికి ఇంట్లో ఇంకో భుజం లేదు. కావడి మోసి మోసి కాయ కాసిన ఆ భుజం ఈ ముప్పై ఏళ్ల తర్వాత కూడా చలికాలంలో లాగుతుంది. లాగినప్పుడల్లా జోగ్లేకర్ గుర్తొస్తాడు.

పోయిన వారం మనం చెంచయ్యని మిరప కళ్లంలో నిలబెట్టి వచ్చాం. ఒక చేతిలో తెల్లకాగితం, ఇంకో చేతిలో వేలిముద్రల సిరా డబ్బా. మూడేళ్లు వరసగా పత్తిని పురుగు తిన్నాక ఈ చేనుతో వేగలేనని తేల్చుకున్నాడు. రోడ్డు పక్కన కోల్డ్ స్టోరేజీ కడతానంటున్న ప్రేమ్‌చంద్‌కి మాటిచ్చాడు, అడ్వాన్సు తీసుకున్నాడు, ఆ డబ్బుతో అద్దంకిలో మోటార్ వైండింగ్ షాపుకి గది మాట్లాడేశాడు. అలిగి పుట్టింట్లో కూర్చున్న భార్య కూడా షాపు తెరిస్తే వస్తానని కబురు పెట్టింది. ఇక కావలసింది తల్లి బసవమ్మ వేలిముద్ర ఒక్కటే. ప్రభుత్వం ఇచ్చిన భూమి అమ్మకూడదు కాబట్టి తొంభై తొమ్మిదేళ్ల లీజని రాయించాడు ప్రేమ్‌చంద్. తీరా కళ్లంలోకి వస్తే, తల్లి జుట్టు తడిగా ఉంది. గవర్నరు పోయిన సంగతి విని, సొంత మనిషి పోయినట్టు తలమీద నీళ్లు పోసుకుని వచ్చి కూర్చుంది.

అక్కడిదాకా వచ్చాం. మార్చి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కళ్లం నిండా ఎర్రగా కాయలు. బసవమ్మ ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని, గుట్టలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన వేస్తోంది.

"మైలస్నానం దేనికే? ఆయన మనకి ఏమవుతాడని?" అన్నాడు చెంచయ్య.

"ఏమవుతాడో నాకూ తెలియదు. నీళ్లు పోసుకోవాలనిపించింది, పోసుకున్నాను."

"సరే, పోసుకున్నావుగా. ఇక్కడ వేలు వెయ్యి. సాయంత్రం ప్రేమ్‌చంద్ వస్తాడు."

బసవమ్మ కాగితం వైపు చూడలేదు. చేతిలో ఉన్న కాయని ఎండకి పెట్టి చూసి, మంచిదేనని తేల్చుకుని గుట్టలో వేసింది.

"నా వేలు ఒక్కటే చాలదురా."

"ఎందుకు చాలదు? శిస్తు రసీదులన్నీ నీ పేరునే ఉన్నాయిగా."

"శిస్తు కట్టేది నేను కాబట్టి నా పేరున వచ్చాయి. చేను ఇద్దరిది. సగం జైనాబిది."

చెంచయ్య ముందు నవ్వాడు. జైనాబి ఎవరో తెలియక కాదు. చిన్నప్పుడు తల్లితో కలిసి కూలికి వెళ్లే మనిషి, పొరుగింటి తురకామె, తనని చంకన వేసుకు తిరిగిందని అందరూ చెప్పేవాళ్లు. మొగుడు పోయాక అన్న వచ్చి కొత్తపట్నం తీసుకుపోయాడు. తర్వాత ఏమైందో ఇతను అడిగిందీ లేదు, ఎవరూ చెప్పిందీ లేదు.

"జైనాబికి సగమేంటే? ఎవరిచ్చారు?"

"నాకు ఎవరిచ్చారో ఆయనే ఇచ్చాడు."

"నాకెందుకు తెలియదు?"

"కూర్చో. నిలబడి వింటే నీకు సగం తలకెక్కుతుంది, సగం కోపానికెక్కుతుంది."

అతను కూర్చోలేదు. గుంజకి ఆనుకున్నాడు. బసవమ్మ మాత్రం ఏరుడు ఆపకుండానే మొదలుపెట్టింది.

ఆ రోజు వాళ్లు పెద్ద రైతు చేలో మిరపకోతలో ఉన్నారు. రోడ్డు మీద కార్లు వరసగా ఆగాయి. అందులోంచి పొట్టిగా, నల్లకళ్లద్దాలతో ఒకాయన దిగి, వద్దంటున్న ఆఫీసర్లని వదిలేసి గట్టు దాటి సాళ్లలోకి నడిచి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక పండుకాయ తెంపి కొరికాడు. కొరికాక ఇంకేముంది. కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. ఆఫీసర్లు సోడాల కోసం పరిగెత్తారు. జైనాబి మాత్రం తన సద్దిముంతలో మజ్జిగ తీసి ఎదురుగా పెట్టింది. ముంత ఎవరిదని అడగకుండా గడగడా తాగేశాడు.

"తాగి, మూతి తుడుచుకుని, ఈ చేను మీదేనా అని అడిగించాడు. మేం పగలబడి నవ్వాం. మీకే ఇస్తే ఎవరి పేరున రాయాలి అన్నాడు. పక్కనున్న ఆఫీసరు మొగుళ్ల పేరు చెప్పండి అన్నాడు. ఆయన వద్దన్నాడు, మీరు చెప్పండి అని నా వంక చూశాడు. నాకేం తెలుసు? నోటికొచ్చింది చెప్పాను. సాలుకి ఇద్దరం అయ్యా, ఒక్కదాన్ని ఏ సాలూ పట్టను అన్నాను."

మిరపకోతలో పద్ధతి అదే కదా. సాలుకి ఇటొకరు, అటొకరు, మొక్క మధ్యలో. ఇటు కాయలు ఇటు చెయ్యి, అటు కాయలు అటు చెయ్యి. ఒక్కరే పడితే సగం కాయ ఆకుచాటున ఉండిపోతుంది. బసవమ్మకి జోడు జైనాబి. పెళ్లై వచ్చిన ఏటి నుంచీ అంతే.

"ఆయనకి అర్థం కాలేదు. కోసి చూపించమన్నాడు. నేను ఇటు, అది అటు, పది మొక్కలు కోసి చూపించాం. చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. చూసి, ఇట్లాగే రాయండి అన్నాడు. ఆఫీసరు గింజుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లకి ఒకే పట్టానా, అందులోనూ ఒకరు వీళ్లు ఒకరు వాళ్లు, రేపు తగువులొస్తాయి సార్ అన్నాడు. దానికి ఆయన ఏమన్నాడో తెలుసా? వీళ్లకి రావు, మీకు వస్తాయి అన్నాడు. మా ముఠాలో ఆడవాళ్లందరికీ జోడుల లెక్కనే రాశారు."

"అందరూ లీజనో ఇంకోటనో అమ్ముకున్నారుగా! ఎంతమంది మిగిలారు?"

"ఇద్దరూ ఒప్పుకున్న చోట అమ్ముకున్నారు. ఒకరు కాదన్న చోట చేను నిలబడింది. ఇంకా నిలబడ్డవన్నీ అట్లా నిలబడ్డవే. మీ నాన్న తాగొచ్చి వేలు పట్టుకుని లాగినప్పుడల్లా నేను ఒకటే మాట అనేదాన్ని. జైనాబి వేలు కూడా తీసుకురా, అప్పుడు వేస్తాను అని. ఆయనకి కొత్తపట్నం వెళ్లే ఓపిక లేదు, మత్తు దిగే టైమూ లేదు."

చెంచయ్య గొంతు పెరిగింది. "మా నాన్నకి తెలుసు, ఆఫీసర్లకి తెలుసు, ముప్పై ఏళ్లు చాకిరీ చేసినోడికి మాత్రం తెలియదు! బాగుందే. బతికుందా ఆమె?"

"బతికే ఉంది."

"నీకెట్లా తెలుసు?"

"ఎలీసమ్మ చెబుతుంది."

ఎలీసమ్మ పేరు వినగానే చెంచయ్య గుంజని వదిలేశాడు. ఎలీసమ్మ కొత్తపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి మిరపకాయలకి మారకం వేసే మనిషి. ఏటా కళ్లాలప్పుడు లారీ దిగుతుంది. ఏటా చెంచయ్యకీ ఆమెకీ రోడ్డు మీదే యుద్ధం. ఎందుకంటే బసవమ్మ దోసెడు నెత్తళ్లు తీసుకుని బస్తాకి బస్తా కాయలు ఎత్తించేది. అవీ ఏరిన కాయలు, కళ్లంలో మొదటిరకం. 'మా అమ్మకి బేరం రాదని తెలిసి దోచుకుంటున్నావు' అని చెంచయ్య అరిచేవాడు. 'మీ అమ్మకి వచ్చిన బేరం నీకు జన్మలో రాదులే అబ్బాయా' అని ఎలీసమ్మ బస్తా లారీ మీద వేయించుకుని పోయేది. ఒక ఏడు ఆమె తట్ట కాలితో తన్నాడు కూడా. నెత్తళ్లన్నీ దుమ్ములో పడ్డాయి. ఆమె ఏమీ అనకుండా ఒక్కొక్కటే ఏరుకుంది.

"ఆ బస్తా..." అన్నాడు.

"జైనాబి పాలు. సగమని కాదురా. సగం నేను ఏనాడూ పంపలేకపోయాను. ఆమే వద్దంది. తినడానికీ, ఆ వీధిలో నలుగురికి అమ్ముకోవడానికీ సరిపడా పంపు, మిగతాది చెంచుకి అంది." బసవమ్మ చేతులు మొదటిసారి ఆగాయి. "నీకు చెబుదామనే అనుకున్నా. ఎప్పుడు చెబుదామన్నా నువ్వు ఎలీసమ్మతో తగువులో ఉండేవాడివి. నీ మొహం చూస్తే భయమేసేది. తెలిస్తే ఆ బస్తా కూడా ఆపేస్తావేమో అనిపించేది."

తల్లి తనని చూసి భయపడిందన్న మాట చెంచయ్యకి ఎక్కడో తగిలింది. తాగొచ్చే మొగుడికి భయపడని మనిషి. అంతలో రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడైంది.

ముందు ఎలీసమ్మ దిగింది. దిగి, లోపలికి చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని సన్నటి ముసలామె, పాత పూలచీర, తలమీద ముసుగు, ఒక్కో కాలూ నేల మీద ఆనించుకుంటూ దిగింది. కళ్లం వైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది. వెంటనే గట్టిగా తుమ్మింది.

"ఈ ఏడు ఘాటు బాగా దిగింది బసవక్కా!" అంది అక్కడినుంచే.

బసవమ్మ లేవలేదు. మోకాళ్లు లేవనివ్వవు. తను కూర్చున్న గోనెపట్టాని సగం పక్కకి లాగి, గుట్టకి అవతలివైపు పరిచింది. జైనాబి వచ్చి అక్కడ చతికిలబడింది. ముసుగు ముక్కుకి అడ్డం కట్టుకుంది. ఇద్దరి మధ్యా కాయల గుట్ట. ఏడుస్తారనుకున్న చెంచయ్య చూస్తూ నిలబడ్డాడు. వాళ్లు ఏడవలేదు. ఈమె ఇటునుంచీ ఆమె అటునుంచీ తాలు ఏరడం మొదలుపెట్టారు.

కాసేపయ్యాక బసవమ్మ అడిగింది. "ఎట్లా తెలిసిందే?"

"మా అన్న కొడుకు పేపరు చదివి చెప్పాడు. పొద్దున్నే ఎలీసమ్మ ఇంటికి పోయా. ముంతెడు మజ్జిగ పోసిన పాపానికి ఇంత చేసిపోయాడు, ఆయన పేరున నాలుగు మెతుకులు పెట్టొద్దా అన్నా."

"పెద్దకర్మకి అందరికీ భోజనాలు అనుకున్నాం. చేలల్లో మిగిలినవాళ్లంతా తలా సోలెడు బియ్యం ఇస్తున్నారు."

"నేను నెత్తళ్లు ఇస్తా," అంది ఎలీసమ్మ.

"ఆయన చేపలు తినడంట కదే!" అంది బసవమ్మ.

"ఆయన వచ్చి తింటాడా ఏంది? తినేది మనమేగా. ఆయన వంతుకి మజ్జిగ పోద్దాం, అదొక్కటే అరిగింది పాపం," అంది జైనాబి.

ముగ్గురూ నవ్వారు. నవ్వులోనే జైనాబి తలెత్తి చెంచయ్యని చూసింది. చూపు సరిగా ఆనడంలేదు కాబోలు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెంచూ, అక్కడే నిలబడ్డావేం? ఇట్లా రా."

వెళ్లాడు. ఆమె అతని కుడి భుజం తడిమింది, చొక్కా మీదనుంచే. కాయ కాసిన చోటు వేళ్లకి తగిలింది.

"ఇంకా ఉందా ఇది? నిన్ను బడి మాన్పించిన రోజు మీ అమ్మ ఏడవలేదురా, నేను ఏడ్చా. ఆమెకి ఏడవడానికి తీరిక లేదు. బక్కపిల్లాడివి, కావడి నీకంటే పొడుగ్గా ఉండేది. సగం దూరం నేను మోసి, ఊళ్లోవాళ్లు కనపడే చోట నీ భుజానికెత్తేదాన్ని. మగపిల్లాడు మోశాడనిపించుకోవాలని నీకు మహా పంతం."

చెంచయ్యకి అది గుర్తులేదు. నీళ్లు మోసినట్టే గుర్తుంది గానీ ఎవరైనా మోసిపెట్టినట్టు గుర్తులేదు. ముప్పై ఏళ్లుగా ఒక్కడే మోశానని చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆమె చెబుతుంటే, దారిలో తుమ్మచెట్టు కింద ఎవరో పూలచీర మనిషి కావడి దించి చేతులు దులుపుకోవడం కొద్దికొద్దిగా కళ్లముందు కదిలింది. అది నిజంగా చూసినదో, ఆమె చెప్పాక తను కల్పించుకున్నదో చెప్పలేడు.

"ఆ చేతిలో కాగితం ఏంటి నాయనా?"

బసవమ్మే చెప్పింది. చేను ప్రేమ్‌చంద్‌కి ఇద్దామనుకుంటున్నాడని, అద్దంకిలో షాపు పెడతాడని, పెళ్లాం కూడా వస్తానందని. దాచకుండా చెప్పింది. కొడుకు మీద పితూరీ లాగా కాదు, కొడుకు తరఫున అడుగుతున్నట్టు చెప్పింది.

జైనాబి విని తల పంకించింది. చేతులకంటిన మిరపపొడి చీరకి తుడుచుకుంది. ఎడమచేతి బొటనవేలు ముందుకి చాపింది.

"ఎక్కడ వెయ్యాలి?"

"పిన్నీ..." అన్నాడు చెంచయ్య. ఆ మాట నోట్లోంచి వచ్చి ఎన్నేళ్లైందో.

"నాకు చదువు రాదు. నీకు కొంచెం వచ్చుగా, చోటు చూపించు. నాకేం ఇస్తావని అడగను. ఇన్నేళ్లూ నాకు బస్తా ఆగలేదు, అది చాలు. ఒక్క మాట. వేలేసే ముందు ఒకసారి చేను చూసొస్తా. నా వైపు సగం, తూర్పు పక్కది. పట్టా చేతికిచ్చిన రోజు అందులో నిలబడ్డాను. మళ్లీ నిలబడి రావాలనుంది."

చాచిన బొటనవేలి మీద గీతలు అరిగిపోయి ఉన్నాయి. చెంచయ్య సిరా డబ్బా మూత తియ్యబోయి, మళ్లీ నొక్కేశాడు. ఎవరైనా తనకి అడ్డుపడితే కొట్టుకునైనా గెలుద్దామని వచ్చాడు. అడ్డు పడేవాళ్లు లేరు. ఒకామె తన తరఫున అడిగింది, ఒకామె అడగ్గానే వేలు చాపింది. ఇక ఎవరితో కొట్టుకుంటాడు? కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపాడు.

"వేలు తర్వాత వేద్దువుగాని. పద, చూపిస్తా. గట్టు ఎత్తుగా ఉంటుంది, చెయ్యి పట్టుకో."

ఆమె చెయ్యి ఎండుకొమ్మంత తేలిక. కళ్లం దాటి, మిరపసాళ్లు దాటి, ఇద్దరూ నెమ్మదిగా తూర్పు వైపు నడిచారు. దారిలో ఆమె ప్రతి సాలు దగ్గరా ఆగి మొక్కల్ని నిమురుతోంది. ఈ ఏడు నల్లి తగిలిందా, ఎన్ని కోతలయ్యాయి అని అడుగుతోంది. చెంచయ్య జవాబులు చెబుతున్నాడు. ఈ ప్రశ్నలు తనని అడిగి ఎన్నాళ్లైందో. షాపు గురించి మాట్లాడేవాళ్లే అందరూ.

తుమ్మచెట్టు మలుపు తిరిగేసరికి చప్పుడు వినిపించింది.

తూర్పు సగంలో పత్తిమోళ్ల మధ్య పచ్చటి బుల్డోజరు దిగి ఉంది. అప్పటికే ఒక చివర గట్టు నేలమట్టమైంది. జీపు బంపరు మీద కాలు పెట్టుకుని, సెల్‌ఫోను చెవిలో పెట్టుకుని ప్రేమ్‌చంద్ నిలబడ్డాడు. చెంచయ్యని చూసి చెయ్యి ఊపాడు.

"ఏరా చెంచయ్యా, సాయంత్రం అన్నాను గానీ మిషను ఖాళీగా దొరికింది. వేలు పడిందా?"

"ఆపమను."

"ఏంటీ?"

"మిషను ఆపమను. ఇటువైపు నాది కాదు."

ప్రేమ్‌చంద్ ఫోను కిందికి దించాడు. చెంచయ్య వెనకాల ముసుగు ముసలామెని చూశాడు. ఏమీ అర్థంకాక నవ్వాడు. "ఒరేయ్, ఎండ తగిలిందా నీకు? రాత్రి నువ్వేగా తూర్పు వైపు నుంచి మొదలెట్టమన్నావు! నా డబ్బుతో షాపుకి గది తీసుకున్నావు. నలుగురు సాక్షులున్నారు. నీది కాకపోతే ఎవరిదిరా?"

"మా పిన్నిది. ఈమె పేరు జైనాబి."

"ఎవరి పేరైనా పెట్టుకో. ఇది లేకపోతే నాకు పెద్దరోడ్డు అందదు, రోడ్డు లేకపోతే మిగతాది నాకు మట్టితో సమానం. అర్థమవుతోందా? అద్దంకి గది పోద్ది, నీ పెళ్లాం రాదు, నా అడ్వాన్సు మాత్రం పోలీసులతో వసూలు చేస్తా." డ్రైవరు వైపు తిరిగి కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. బుల్డోజరు ముందుకి కదిలింది.

చెంచయ్య జైనాబిని తుమ్మచెట్టు నీడలో నిలబెట్టి, పత్తిమోళ్ల మీదుగా నడుచుకుంటూ వెళ్లి, మిషనుకి ఎదురుగా ఆగాడు. ఇనప పలక మోకాళ్ల ముందుకి వచ్చి ఆగింది. ఇంజను ఆగలేదు. డ్రైవరు తల బయటికి పెట్టి యజమాని వంక చూస్తున్నాడు.

"లెక్క చెప్పు!" ప్రేమ్‌చంద్ అరిచాడు. "ఎక్కడినుంచి ఎక్కడిదాకా నీది కాదంటావో ఈ నలుగురి ముందూ నీ నోటితో చెప్పు. రేపు మళ్లీ మాట మారిస్తే ఊరుకోను."

చెంచయ్య ఒకసారి గట్టు వైపు చూశాడు, ఒకసారి కాలవ వైపు చూశాడు. బాగా వినపడాలని నోటి చుట్టూ చేతులు పెట్టుకుని చెప్పాడు.

"ఈ గట్టు కాణ్ణించి ఆ కాలవ దాకా. ఎకరం ఇరవై సెంట్లు."